తుప్పు పట్టని కారు

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ఎర్ర కారు ఉండేది. పేరు డాల్ఫిన్. మీరు చూసి ఉండరు లెండి. 1982లో బెంగళూరు నుంచి సిపానీ వాళ్లు తెచ్చారు. ఇంగ్లండ్‌లోని రిలయంట్ కిటెన్ అనే బుల్లి కారుకి ఇది మన దేశీ తమ్ముడు. రెండే డోర్లు, 848 సీసీ ఇంజిన్, బాడీ మొత్తం ఫైబర్‌గ్లాస్. మరుసటేడు చివర్లో మారుతి 800 వచ్చేసింది, ఇంక దీన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. మా నాన్న మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఏరికోరి కొన్నాడు. "దీనికి తుప్పు పట్టదురా" అనేది ఆయన డైలాగ్.

మొన్న సంక్రాంతికి అనంతపురం వెళ్తే "అమ్మేస్తున్నా" అన్నాడు. మోకాళ్ల నొప్పులు, క్లచ్ తొక్కలేకపోతున్నాడు. పాత కార్లు సేకరించే ఒకాయన ఆదివారం బెంగళూరు నుంచి చూడ్డానికి వస్తున్నాడట. నేను ఆ కారు నడిపింది పదిసార్లు కూడా ఉండదు, అయినా మనసు ఒప్పుకోలేదు. కనీసం మెరిసేట్టు చేసి పంపిద్దామనుకున్నా. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు, ఆన్‌లైన్‌లో ఒక పాలిషింగ్ మెషిన్. ఇంజినీరింగ్ చదివినోడికి ఇంకేం కావాలి!

మొదటి రోజు బాగానే జరిగింది. గీత మీద అడ్డంగా గోరు లాగాలి. గోరు తట్టుకోకపోతే పైపై గీత, రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది. తట్టుకుంటే వాటర్ పేపర్ పట్టాలి. 2000 నంబర్ పేపర్‌ని బకెట్లో నానబెట్టి, నీళ్లలో చుక్క షాంపూ వేసి, మెల్లగా రుద్దాలి. తర్వాత 3000, ఆ తర్వాత కాంపౌండ్. పేపర్ పట్టిన చోటు ముందు మసకబారిపోతుంది, పాడుచేశానేమో అని భయమేస్తుంది. కాంపౌండ్‌తో మెరుపు మళ్లీ వస్తుంది. గుడ్డకి ఎర్రరంగు అంటింది. అదీ మామూలే, ఆ పాత పెయింట్ మీద క్లియర్ కోట్ లేదు. బానెట్ మీద సాలెగూడు లాంటి పగుళ్లున్నాయి. అవి పెయింట్‌వి కావు, కింద జెల్‌కోట్‌వి. ఎంత రుద్దినా పోవు. గీకి, నింపి, మళ్లీ పెయింట్ వేయాల్సిందే. వదిలేశా.

ఎడమ డోరు అంచున ఇంకో గీత ఉంది. ఏడేళ్లప్పుడు మేకుతో నా పేరు మొదటి అక్షరం రాశా. ఆ రోజు పడ్డ దెబ్బలు ఇంకా గుర్తే. గోరు పెడితే సగం దిగిపోయింది. పెయింట్ మందం కొలిచే మీటర్ ఒకటి ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్నా గానీ, అది అయస్కాంతంతో పనిచేసే రకం. ఫైబర్ మీద ఏం చెబుతుంది పాపం.

శనివారం సాయంత్రం, టైమ్ లేదు. మెషిన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి ఆ అక్షరం మీద నొక్కా. కాలిన వాసన. తీసి చూస్తే అరచేతంత బూడిదరంగు మచ్చ, ప్రైమర్ బయటపడింది. అక్షరం మాత్రం చెక్కు చెదరలేదు.

నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. మచ్చ మీద చెయ్యి పెట్టి, "రేకైతే వేడి పాకిపోతుందిరా. ఇది పాకనీదు, ఒక్కచోటే ఉడికిపోతుంది. అంచుల్లో పెయింట్ కూడా పల్చగుంటుంది. మధ్య మధ్యలో చెయ్యి పెట్టి చూస్తా ఉండాల" అన్నాడు. స్టూల్ లాక్కుని కూర్చుని, రబ్బరు ముక్కకి పేపర్ చుట్టి, కుడి డోరు రుద్దడం మొదలుపెట్టాడు. నేను నీళ్లు పోస్తూ ఉన్నా. చీకటి పడేదాకా పెద్దగా మాట్లాడుకోలేదు. అక్షరాన్ని చేత్తో ట్రై చేద్దామా అని అడిగితే, "తీసే పనైతే అప్పుడే తీయించేవాణ్ణి కదా" అన్నాడు.

ఆదివారం ఆయన వచ్చాడు. వేలితో బాడీ మీద తట్టాడు, మచ్చ దగ్గర ఆగి "మెషిన్ పెట్టారా?" అన్నాడు. ఐదు వేలు తగ్గించాడు. నేను తలదించుకున్నా, నాన్న బేరమాడలేదు. కారు గేటు దాటేముందు కిటికీ దగ్గర వంగి, సగం కన్నడ, సగం తెలుగులో "చేత్తోనే చేయండి సార్, మెషిన్ వద్దు" అని రెండుసార్లు చెప్పాడు.

షెడ్డులో బకెట్ అట్లే ఉంది. నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.