పచ్చికమీది బాతులు

పొరుగువానిని ప్రేమించుటను గూర్చి నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయినను గడచిన వర్షకాలమున ఆ పాఠమును నాకు మరల నేర్పినవి పదకొండు బాతులు.

మా యిల్లు గోదావరి కాలువగట్టు చెంతనున్నది. ఇంటిముందు గరిక నాటి కొంచెము పచ్చిక పెంచితిని. సాయంకాలపు ప్రార్థనకు వచ్చువారు అక్కడనే చాపలు పరచుకొని కూర్చుందురు. గట్టుమీది గుడిసెలోనున్న ఒక విధవరాలు బాతులను పెంచుచున్నది. ఆమె మన సంఘస్థురాలు కాదు. బాతులు తెల్లవారుజామున గ్రుడ్లు పెట్టును గనుక, ప్రొద్దెక్కిన తరువాత ఆమె వాటిని విడుచును. అవి కాలువలో మునిగి లేచి, కంచె సందున దూరి, వరుసగా నా పచ్చికమీదికి వచ్చును. వాటి రెట్టలవలన చాప పరచుటకు చోటు లేకపోయెను. కొళాయి యొద్ద నిలిచిన నీటిని కెలికి కెలికి బురదగుంట చేసినవి.

నేను చప్పట్లు కొట్టితిని, కేకలు వేసితిని. త్రాడు కట్టి రంగు కాగితములు వ్రేలాడదీసితిని. రెండు దినములు బెదరినవి. మూడవ దినమున ఆ కాగితముల నీడలోనే పండుకొన్నవి. కోపముతో చెంబెడు నీళ్లు చల్లితిని. బాతుకు నీళ్లు శిక్షయా? రెక్కలు విదల్చి సంతోషించినవి! అది చూచి నా భార్య నవ్వెను; నాకు మాత్రము నవ్వు రాలేదు.

వేదాంత పాఠశాలలో ధర్మశాస్త్రమును చదివినవాడను గదా. ఒకని పశువు మరియొకని పొలమును మేసినయెడల నష్టము చెల్లింపవలెనను విధి నిర్గమకాండము 22వ అధ్యాయము 5వ వచనములో నున్నది. ఆ విధవరాలితో మాటలాడుటకు ఇది చాలుననుకొంటిని. మరునాడు బాతులు రాగానే మట్టిబెడ్డ తీసి విసరితిని. ఒక బాతు కుంటుచు గుంపు వెనుకబడెను.

ఆ సాయంకాలము దీపము వెలిగించి నా వచనమును వెదకితిని. కన్ను తరువాతి అధ్యాయముమీద పడెను. పగవాని యెద్దు త్రోవ తప్పి కనబడినను తోలుకొనిపోయి అతనికే అప్పగింపవలెనట! నా హక్కు వ్రాయబడినచోట ఆగితిని. నా బాధ్యత వ్రాయబడిన అధ్యాయమునకు పోలేదు. అంతలో మందారపు చెట్టుక్రింద చిన్న శబ్దమాయెను. లాంతరు పట్టుకొని చూడగా, కుంటిబాతు ఒంటరిగా నక్కియుండెను. రాత్రి కుక్కల పాలగునని దానిని గంపలో పెట్టుకొని గట్టుమీదికి వెళ్లితిని.

ఆ తల్లి గుమ్మములోనే కూర్చుండి యెదురుచూచుచుండెను. "మీ దొడ్లోకే వచ్చుంటదనుకున్నానండి అయ్యగారూ. మీ కాడుంటే బయం లేదు గదా అని ఎతకలేదండి," అనెను.

ఆ మాట నన్ను పొడిచెను. "అమ్మా, దీనిని కొట్టినవాడను నేనే. నన్ను క్షమించుము," అంటిని. ఆమె కొంతసేపు పలుకలేదు. బాతు కాలిని నిమిరి, "ఇరగలేదులెండి," అని మాత్రము అనెను. ఆ గ్రుడ్లను కోడిక్రింద పెట్టి 28 దినములు కాచుకొని ఈ గుంపును చేసికొన్నదట. వాటి గ్రుడ్లమ్మియే మనుమని బడికి పంపుచున్నదట. ఇన్ని నెలలు ప్రక్కనేయుండి నేనొక్క దినమైనను అడుగలేదు.

పెంపుడు బాతు పైకెగరలేదనియు, రెండడుగుల తడిక చాలుననియు, కారు కొళాయి నీటికే అవి వచ్చుచున్నవనియు ఆమెయే చెప్పెను. కొళాయి బాగుచేయించి, కంచె సందున వెదురు తడిక కట్టితిని. ఇప్పుడు పచ్చిక శుభ్రముగానున్నది. వానలకు నత్తలు ఆకుకూరలను తినునప్పుడు మాత్రము, నేనే వెళ్లి బాతులను పెరటిలోనికి పిలుచుకొని వత్తును. కుంటిబాతు ఇప్పుడు సరిగా నడచుచున్నది. అయినను నన్ను చూచిన తప్పుకొనిపోవును. అది నాకు తగినదే.

చదువరీ, నీ యింటికి కంచె వేసికొనుట తప్పు కాదు. అయితే నీ హక్కును చూపు వచనముతో గ్రంథమును మూసివేయకుము. మన గుమ్మమునకు భయము లేదని నమ్మి వచ్చువారిని మన చేతులు గాయపరచకుండునట్లు ప్రభువు మనలను కాపాడును గాక. ఆమేన్.