ఏ కుక్కపిల్లను తెచ్చుకుందాం, అయ్యగారు?



ఈ మధ్య గృహ దర్శనాలకు వచ్చినప్పుడు, ప్రార్థన ముగిసి టీ గ్లాసు చేతికి అందేలోపు ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "అయ్యగారు, చిన్న కుక్కపిల్లను తెచ్చుకుందామనుకుంటున్నం. ఏ జాతి మంచిది?" పాస్టరుకూ కుక్కల జాతులకూ ఏం సంబంధమని కొందరు నవ్వవచ్చు. నాకైతే ఉందనిపిస్తుంది. మీ ఇళ్ళలోకి వచ్చి కూర్చునేవాణ్ణి నేను. ఏ ఇంటికి పగలంతా తాళం వేసి ఉంటుందో, ఏ ఇంట్లో పిల్లవాడికి ఆయాసం ఉందో, ఎవరి ఇంటి ఓనరు చిన్న చప్పుడుకే మెట్లు దిగి వస్తాడో నాకు తెలుసు. కుక్కపిల్లను అమ్మేవాడికి ఇవేవీ తెలియవు, అతనికి అక్కర కూడా లేదు.

నా చిన్నతనంలో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో కుక్కను డబ్బులిచ్చి కొన్నవాళ్ళను నేను చూడలేదు. అది వాకిట్లోనే పుట్టేది. మిగిలిన గట్క, జొన్నరొట్టె ముక్క తిని పెరిగేది. రాత్రి పొలానికి పోతే వెనకే వచ్చేది. ఇప్పుడు సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్లు. పైన ఒక కుటుంబం, కింద ఒక కుటుంబం. భర్త ఆదిబట్ల వైపు డ్యూటీకి, భార్య కాలేజీలో పనికి, పిల్లలు స్కూలు బస్సులో. వాకిలే లేని ఇంట్లోకి కుక్క వస్తోంది కాబట్టే అందరూ "చిన్నది" అని అడుగుతున్నారు. కుక్క చిన్నదైనంత మాత్రాన దాని పని చిన్నదవదు.

మన సంఘంలో ఒంటరిగా ఉండే ఒక అమ్మ సంగతి చెబుతాను, ఆమె ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను. వయసు 68. కొడుకు మస్కట్‌లో పని చేస్తాడు. తల్లికి తోడుగా ఉంటుందని పగ్ పిల్లను కొనిచ్చే ఏర్పాటు చేశాడు. "అయ్యగారు, మా పోరడు ఫోన్ల సూపిచ్చిండు. మొఖమంత ముడతలు ముడతలున్నది. గది ఏం తింటది?" అని అడిగింది.

"తినేది తర్వాత సూద్దాం అమ్మా. ముందుగాల అది ఊపిరి ఎట్ల తీసుకుంటదో సూద్దాం" అన్నాను.

2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పగ్ పిల్లవాడి వెంట నడిచింది. అప్పటినుండి మన దేశంలో ఆ జాతికి గిరాకీ పెరిగింది. తర్వాత కంపెనీ పేరు మారి వొడాఫోన్ అయినా కుక్క మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ కొందరు దాన్ని వొడాఫోన్ కుక్క అనే అంటారు. అయితే కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడి ఆరడం వల్ల ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. పగ్‌కు మూతి నొక్కేసినట్టు ఉంటుంది. ముక్కు రంధ్రాలు సన్నం, గొంతులో మెత్తటి అంగిలి పొడుగెక్కువ. ఎంత రొప్పినా గాలి సరిగా ఆడదు. అది పడుకుని గురక పెడుతుంటే మనకు ముద్దొస్తుంది, కాని చాలాసార్లు అది గాలి కోసం పడే కష్టం. ఆ అమ్మది రేకుల ఇల్లు. మే నెలలో మధ్యాహ్నం ఆ గదిలో నేను పదిహేను నిమిషాలు కూర్చుంటే చొక్కా తడిసిపోతుంది. అక్కడ ఆ కుక్కకు వడదెబ్బ తగలడం ఖాయం. స్లాబు ఇల్లు, కూలరు, పగలు మనుషులు ఉండే కుటుంబానికి పగ్ మంచిదే, పిల్లల మీద కోపం తెచ్చుకోదు. ఆమెకు మాత్రం కాదు.

మరి పమేరియనో? మనం పమేరియన్ అని పిలిచే తెల్లటి బొచ్చుకుక్క నిజానికి పమేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. అసలు పమేరియన్ రెండు మూడు కిలోల బరువుండే బొమ్మలాంటి కుక్క. స్పిట్జ్‌లో చిన్న రకం ఐదు నుండి ఏడు కిలోలు ఉంటుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతానం ఇది. తరాలుగా మన ఎండకు, మన పెరుగన్నానికి అలవాటు పడింది. 1980లు, 90లలో విదేశీ కుక్కల దిగుమతి మీద ఆంక్షలుండేవి. అప్పుడు మధ్యతరగతి ఇళ్ళన్నిటిలో ఇదే. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా నటించింది కూడా స్పిట్జే. దీనికి వారానికి రెండుసార్లైనా దువ్వెన పెట్టాలి. ఎండాకాలమని గుండు గీయించకండి, ఆ బొచ్చే దానికి ఎండ నుండి గొడుగు. ఒక్క సంగతి మాత్రం దాచను. ఇది మొరుగుతుంది, పాలవాడి మీద, కొరియర్ అబ్బాయి మీద, మీదగా పోయే కాకి మీద. ఒంటరి మనిషికి అది కాపలా. పక్క పోర్షన్‌లో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడుంటే అది గొడవ.

మిగతా జాతుల గురించి పొట్టిగా చెబుతాను. డాష్‌హౌండ్ నడుము పొడుగు, కాళ్ళు పొట్టి; మెట్లు ఎక్కి దిగే ఇంట్లో, పిల్లలు ముందు కాళ్ళు పట్టి లేపే ఇంట్లో దాని వెన్నుపూస దెబ్బతింటుంది. షిట్జూ మెతకది, కాని దాని వెంట్రుకలు ఆగకుండా పెరుగుతాయి. రోజూ దువ్వాలి, కళ్ళు తుడవాలి. ఉదయం ఏడింటికే బస్సు పట్టుకునేవాళ్ళకు ఆ తీరిక ఉండదు. బీగిల్ వేటకుక్క, కుందేళ్ళ వాసన పట్టడానికి పెంచిన జాతి. గేటు తెరిచి ఉంటే వాసన పట్టుకుని చెరువు కట్ట దాకా పోతుంది, పిలిచినా వినదు. చివావా ఎముకలు అగ్గిపుల్లలు. మూడేళ్ళ పిల్లవాడున్న ఇంటికి వద్దు.

ఊరకుక్క పిల్లను తెచ్చుకుంటే తప్పేంటని ఒక చెల్లి అడిగింది. తప్పేమీ లేదు. పెరిగితే పదిహేను కిలోల పైమాటే కనుక "చిన్నది" కాదు, కాని రోగాలకు తట్టుకుంటుంది, ఎండకు తట్టుకుంటుంది. మనకు తెలుగు నేల కుక్క కూడా ఒకటుందని చాలామందికి తెలియదు. కృష్ణా, గోదావరి జిల్లాల వైపు, కొల్లేరు ప్రాంతంలో జోనంగి అనే జాతి ఉంది. సన్నటి పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు. బాతులను కాయడానికి పెంచేవారు. అది మామూలుగా మొరగదు, పాట పాడినట్టు కూస్తుంది. నేల తవ్వి గుంటలో పడుకోవడం దానికి ఇష్టం కనుక టైల్స్ వేసిన ఇంటికి పనికిరాదనుకోండి!

బైబిల్లో కుక్కకు మంచి పేరు లేదని కొందరంటారు. వీధికుక్కల విషయంలో నిజమే. అయితే మార్కు 7వ అధ్యాయంలో సురోఫెనికయ స్త్రీ మాట్లాడిన చోట గ్రీకులో వాడిన మాటకు చిన్న కుక్క అని అర్థం, బల్ల కింద పిల్లల దగ్గర తిరిగే ఇంటి కుక్క. ఆ కాలపు ఇళ్ళలోనూ అది ఉండేదన్నమాట.

ఏ జాతైనా, ఎన్ని రోజుల పిల్ల అన్నది మరువకండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా రోడ్డు పక్కన బుట్టల్లో నెల పిల్లలను పెట్టి అమ్ముతూనే ఉన్నారు. నిరుడు మన సంఘంలో ఒక తమ్ముడు తన కొడుకు పుట్టినరోజుకు అలాంటి పిల్లనే తెచ్చాడు. నాలుగో రోజు వాంతులు, తర్వాత రక్త విరేచనాలు. పార్వో వైరస్. ఆరో రోజు పోయింది. నేను వెళ్ళేసరికి పెరట్లో చిన్న గుంత పూడ్చి ఉంది, దాని పక్కనే బాబు కూర్చున్నాడు. "అయ్యగారు, అది దేవుని దగ్గరికి పోతదా?" అన్నాడు. పెద్దవాళ్ళకు చెప్పే జవాబు వాడికి చెప్పలేదు. యోనా గ్రంథం చివర్లో దేవుడు నీనెవె పట్టణంలోని మనుషులతో పాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడని చెప్పి, చీకటి పడేదాకా వాడి పక్కనే కూర్చున్నాను. తండ్రి మరుసటి వారమే ఇంకో పిల్లను తెస్తానన్నాడు. ఆగమన్నాను. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను అదే పెరట్లోకి తెస్తే మళ్ళీ అదే జరుగుతుంది.

ఇక ఆ అమ్మ. పగ్ వద్దని కొడుక్కు ఫోన్‌లో నచ్చచెప్పాక, ఆమె అడిగిన మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "చిన్న కుక్కలు పదమూడు పద్నాలుగేండ్లు బతుకుతయంటిరి గదా. నేను ముందుగాల పోతే దాన్ని ఎవరు సూస్తరు?" ఆమెకు పిల్లే ఎందుకు, పెరిగిన కుక్క సరిపోతుంది కదా అనిపించింది. పిల్లకు రోజుకు ఆరేడుసార్లు బయటికి తిప్పాలి, కాళ్ళకు అడ్డం పడుతుంది, ముసలివాళ్ళు పడితే తుంటి విరుగుతుంది. మంగళ్‌పల్లి వైపు ఒక కుటుంబం పూణెకు బదిలీ అయి పోతూ తమ ఆరేళ్ళ స్పిట్జ్‌కు ఇల్లు వెతుకుతోంది. టీకాల కార్డు ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పది రోజులు ఉంచుకుని చూడమన్నాం. పక్కింటి వాళ్ళు, ఆమెకు ఏమైనా అయితే తామే చూస్తామని నా ముందు మాటిచ్చారు. పదో రోజు నేను వెళితే గుమ్మంలోనే నా మీద మొరిగింది. "అయ్యగారే, ఊకో" అని ఆమె దాన్ని కసిరింది. ఉంచుకుంటారా అని నేను అడగలేదు.

ఒక్క మనవి. కుక్క చిన్నదైనా కాటు కాటే. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం పూయకండి. నాటు మందులకు పోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. పొద్దున్నే పోతే వరుస తక్కువ ఉంటుంది. మెడకు పట్టీ, తాడు మరువకండి, అక్కడ వేరే కుక్కలు కూడా ఉంటాయి.