సాక్ష్యం లేదా? తీయలేదా?

అట్రాసిటీ జరిగిందని ఫోన్ వస్తుంది. మేం ఆ ఊరు చేరేసరికి చాలాసార్లు రెండో రోజో మూడో రోజో అవుతుంది. అప్పటికే వాకిలి కడిగేసి ఉంటుంది. ఒక ఊళ్ళో ఒక తల్లి, కొడుకు చొక్కా ఉతికి దండెం మీద ఆరేసింది. ఆ రక్తం మరక చూడలేకపోయిందట. ఆమెనేమంటాం? అంతకు ముందురోజే వచ్చి వెళ్ళిన పోలీసులు ఆ చొక్కా ఎందుకు తీసుకోలేదన్నదే నా ప్రశ్న.

హత్రాస్ గుర్తుందా? ఆ దళిత అమ్మాయిపై దాడి జరిగింది 2020 సెప్టెంబర్ 14న. లైంగిక దాడికి సంబంధించిన నమూనాలు తీసింది 22న. అంటే ఎనిమిది రోజుల తర్వాత. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 96 గంటల లోపు తీయాలి. తర్వాత ల్యాబ్ రిపోర్టులో వీర్యం ఆనవాళ్ళు లేవని వచ్చింది. పెద్ద పోలీసు అధికారి ఆ కాగితం చూపి అసలు రేప్ జరగలేదన్నాడు. రేప్‌కి వీర్యం దొరకాలని చట్టం ఎక్కడా అనలేదు. ఆమె శవాన్ని ఇంటివాళ్ళు లేకుండానే అర్ధరాత్రి దాటాక కాల్చేశారు. 2023 మార్చిలో కోర్టు ఒక్కడికే శిక్ష వేసింది. అదీ రేప్‌కి కాదు.

మిత్రులారా, ల్యాబ్ తనకు పంపిన దాని గురించే చెబుతుంది. పంపనిదాని గురించి, ఆలస్యంగా పంపినదాని గురించి ఏం చెప్పగలదు? కులం పని చేసేది ఆ ఆలస్యంలోనే.

అందుకే స్టూడెంట్స్‌కి చెప్తున్నా. బట్టలు ఉతకనివ్వకండి. స్థలాన్ని తొక్కనివ్వకండి. మీరు ముట్టుకోకుండా ఫొటోలు తీయండి, పోలీసులు వచ్చేదాకా కాపలా ఉండండి. తడి బట్టని ప్లాస్టిక్ కవర్లో పెడుతుంటే ఆపమని అడగండి. అందులో బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి, దేనికది విడిగా కాగితం కవర్లో పెట్టి, సీలు వేయాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో కవరు మీద రాయాలి. చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉండాలి. ఆ గొలుసులో ఒక్క లింకు తెగినా డిఫెన్స్ లాయరు పట్టుకునేది అక్కడే.

స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది, అడగండి. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, అదీ అడగండి. కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే అట్రాసిటీ చట్టంలో సెక్షన్ 4 ఉంది. అడిగినవన్నీ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

మనవాళ్ళ నోటిమాటని ఈ దేశం తేలిగ్గా నమ్మదు. ఆ చొక్కానైనా కోర్టుదాకా చేర్చుదాం.

జై భీమ్.