256 అనుకుంటే 64 అయింది!

అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా మౌంటెన్ వ్యూ అనే ఊరున్నది. అక్కడి కంప్యూటర్ల మ్యూజియంలో పాత యంత్రాలు అనేకం భద్రపరిచారు. వాటిలో ఇలియాక్-4 అనే కంప్యూటర్ తాలూకు భాగం ఒకటి. చూడడానికి పెద్ద బీరువాలాగా ఉంటుంది. దాని కథ వినదగ్గది.

కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. 1960లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ స్లాట్నిక్ అనే ఆయన, ఒకే కంప్యూటర్‌లో 256 ప్రాసెసర్లు పెట్టాలని తలపెట్టాడు. వాటిని 64 చొప్పున నాలుగు జట్లుగా చేశాడు. డ్రిల్లు మాస్టారు ఆజ్ఞ ఇవ్వగానే పిల్లలందరూ ఒకేసారి తిరిగినట్టు, జట్టులోని 64 ప్రాసెసర్లూ ఒకే ఆజ్ఞను ఒకేసారి పాటిస్తాయి. ఆ ఆజ్ఞలిచ్చే మాస్టారే ఇప్పుడు మ్యూజియంలో ఉన్న బీరువా!

ఇన్ని ప్రాసెసర్లు పెడితే నిజంగా లాభమేనా? 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే నిపుణుడు ఇటువంటి ఆలోచనకు ఒక చిక్కు చూపించాడు. ప్రతి పనిలోనూ పంచుకోవడానికి వీలులేని భాగం కొంత ఉంటుంది. పెళ్ళివంటకు కూరలు తరగడానికి పదిమంది కూర్చోవచ్చు. కాని పదిమంది చుట్టూ చేరినంత మాత్రాన గుండిగలో అన్నం త్వరగా ఉడుకుతుందా?

పిల్లలూ, లెక్క వేసి చూడండి. ఒక ప్రాసెసర్‌కు 100 నిమిషాలు పట్టే పని ఉన్నదనుకోండి. అందులో 10 నిమిషాల పని పంచరానిది. మిగతా 90 నిమిషాల పనిని 64 ప్రాసెసర్లకు పంచితే మొత్తం 11 నిమిషాల 24 సెకండ్లలో పూర్తవుతుంది. 256 ప్రాసెసర్లకు పంచితే 10 నిమిషాల 21 సెకండ్లు పడుతుంది. ప్రాసెసర్లు నాలుగు రెట్లయినా కలిసివచ్చినది ఒక్క నిమిషం చిల్లర! లక్ష పెట్టినా 10 నిమిషాల లోపల కాదు.

స్లాట్నిక్‌కు ఖర్చు కూడా అడ్డం వచ్చింది. 80 లక్షల డాలర్లతో అయిపోతుందనుకున్నది 3 కోట్ల 10 లక్షల దాకా పోయింది. దానితో నాలుగు జట్లలో ఒక్కటే తయారయింది. ఆ 64 ప్రాసెసర్ల యంత్రం 1972లో మౌంటెన్ వ్యూ పక్కనే ఉన్న నాసా వారి ఏమ్స్ పరిశోధనా కేంద్రానికి చేరింది. అక్కడ అది విమానాల చుట్టూ గాలి ప్రవహించే తీరును లెక్క కట్టింది. ఈ పని దానికి బాగా నప్పింది. గాలిని గళ్ళుగా విడగొట్టి, ఆ గళ్ళను ప్రాసెసర్లకు పంచిపెట్టవచ్చు గదా! 1981లో ఆ యంత్రానికి విశ్రాంతి ఇచ్చారు.

అదే కాలిఫోర్నియా రాష్ట్రంలోని లివర్‌మోర్‌లో ఎల్ కాపిటాన్ అనే కంప్యూటర్ ఉన్నది. 2024 నవంబరులో అది ప్రపంచంలోకెల్లా వేగం గలదిగా పేరు పొందింది. దానిలో లెక్కలు చేసే కోర్లు కోటికి పైగా ఉన్నాయి. అన్నిటికీ సరిపడా పంచదగిన పని ఉండబట్టే అన్ని పెట్టారు.

ఇప్పుడు మీకొక లెక్క: పైన చెప్పిన 100 నిమిషాల పనిలో పంచరానిది ఒక్క నిమిషమే అయితే, 64 ప్రాసెసర్లకు ఎంతసేపు పడుతుంది? 256 ప్రాసెసర్లకు ఎంతసేపు? ఈసారి స్లాట్నిక్ ఆశ సబబేనని మీకే తెలుస్తుంది.