సోలార్ హీటర్: పట్టిన వేడి, నిలిచిన వేడి

సౌరశక్తి మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది పెన్ను నేరుగా మెగావాట్ల మీదికి పోతుంది. ఎండతో నీళ్లు కాచుకోవడం గురించి రాసేవాళ్లు తక్కువ. జీఎస్-3లో ఇంధన రంగం చదువుతున్నప్పుడు మేడ మీది ఆ పెట్టెకు ఒక అరగంట కేటాయించండి. సైన్స్, పాలన రెండూ అందులో దొరుకుతాయి.

వేడి మూడు దారుల్లో పోతుందని స్కూల్లో చదువుకున్నాం: వహనం, సంవహనం, వికిరణం. ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్‌లో వాడే వస్తువులన్నీ ఈ మూడింటిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నవే. పైన ఉండే గాజు ఎండను లోపలికి రానిస్తుంది, వేడెక్కిన రేకు వదిలే పరారుణ కిరణాలను బయటికి పోనివ్వదు. రేకుకు, గొట్టాలకు రాగి వాడేది దాని ఉష్ణవాహకత కోసం. అది మీటరుకు, కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు. రేకు మీది పూత ఇంకా ముఖ్యం. మామూలు నల్లరంగు ఎండను బాగా పీల్చుకుంటుంది, వేడిని అంతే బాగా వదిలేస్తుంది. బ్లాక్ క్రోమ్ లాంటి సెలెక్టివ్ పూత ఎండలో 90 శాతానికి పైగా పీల్చుకుంటూనే, వదిలే వికిరణాన్ని నల్లరంగుతో పోలిస్తే సుమారు పదో వంతుకు తగ్గిస్తుంది.

వెనకా పక్కలా ఉండేది ఇన్సులేషన్. రాక్‌వూల్‌లో వేడిని ఆపేది ప్రధానంగా పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. గాలి ఉష్ణవాహకత 0.025, నీటిది 0.6. అంటే ఉన్ని తడిస్తే, గాలి ఉన్న చోట 20 రెట్లకు పైగా వేడిని మోసే నీరు చేరుతుంది. పఫ్ ఫోమ్ ఇంకా బాగా వేడిని ఆపుతుంది. కానీ నీటి ప్రవాహం ఆగి రేకు 150 డిగ్రీలు దాటితే అది తట్టుకోలేదు. అందుకే రేకు వెనక రాక్‌వూల్, ట్యాంకు చుట్టూ పఫ్ వాడటం మామూలు.

నేను చదువుకున్న హాస్టల్ మన్యంలో ఉండేది. మేడ మీద సోలార్ హీటర్ ఉంది. ఎండాకాలం, చలికాలం సాయంత్రానికి నీళ్లు కాగేవి. కానీ ట్యాంకు పైతొడుగు తుప్పుపట్టి, లోపలి ఉన్ని వానలకు నాని కిందికి జారిపోయింది. డిసెంబరులో తెల్లవారేసరికి నీళ్లు చల్లగా అయిపోయేవి. వంటామె కట్టెల పొయ్యి మీద రెండు గుండిగలు కాస్తే చిన్నపిల్లలకే చాలేవి కావు. అడిగితే "హీటర్ ఉంది కదా" అనేవారు. రిజిస్టరులో అది పనిచేస్తున్నట్టే లెక్క.

ఇప్పుడు విధానం చూడండి. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌర ఉష్ణ కలెక్టర్లను లక్ష్యంగా పెట్టుకుంది. చదరపు మీటర్లను లెక్కపెట్టడం సులువు. వేడి రాత్రంతా నిలిచిందా అన్నది ఆ లెక్కలో కనిపించదు. మీ జవాబులో "సవాళ్లు" అని రాసి వదిలేయకుండా ఈ తేడాను రాయండి. మరమ్మతులకు విడిగా నిధి, ఏటా ఇన్సులేషన్ తనిఖీ, ఉదయం నీటి ఉష్ణోగ్రత నమోదు అని మూడు ఆచరణీయ సూచనలు చేర్చండి.

మీలో కొందరు రేపు హాస్టళ్లు తనిఖీ చేస్తారు. రిజిస్టరు ఎలాగూ చూపిస్తారు. మీరు మాత్రం ఉదయం అయిదింటికి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్ల కింద చేయి పెట్టండి.