గోడ మనదే, స్లాబు అందరిదీ

మాఘమాసంలో మొదలుపెట్టిన మా ఫ్లాటు పని ఉగాదికి ముందే పూర్తయింది. దుమ్ము, చప్పుడు ఓర్చుకున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. "ఏం మార్చారు, ఎంతయింది?" అని చాలామంది అడుగుతున్నారు. మెట్ల మీద నిలబడి చెబితే తెమిలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముగ్గురం ఉన్నప్పుడు కొనుక్కున్న ఫ్లాటులో ఇప్పుడు అయిదుగురం ఉన్నాం. అమ్మాయి ఎనిమిదో తరగతి. బాబుకి నాలుగేళ్లు. మావయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరికే వచ్చేశారు. ఉన్నవి రెండే పడకగదులు. అమ్మాయి రాత్రి పదింటిదాకా డైనింగ్ టేబుల్ మీదే చదువుకునేది. మిగతావాళ్లం టీవీ ఆపేసి గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం.

"అమ్మేసి ఇండిపెండెంట్ ఇల్లు తీసుకోండి, పెద్దావిడకి మెట్ల బాధ తప్పుతుంది" అన్నారు చుట్టాలందరూ. మేమూ ఆర్నెల్లు తిరిగి చూశాం. మా డబ్బుకి దొరికినవన్నీ పల్లపు వీధుల్లోనే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మన యానాం వీధుల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో అందరం చూశాం. అత్తయ్యగారు 1986 వరద కూడా చూసిన మనిషి. "మెట్లయితే ఆగి ఆగి ఎక్కుతానమ్మా. నీళ్లొస్తే నన్నెవరు ఎత్తుకెళ్తారు?" అన్నారు. ఆ మాటతో వెతకడం మానేశాం. లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉండిపోవడమంటే ఆవిడ గుమ్మం దాటడం తగ్గిపోతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం. అందుకే ఉన్న ఇల్లు ఆవిడకి బాగుండాలి.

మన పెద్దవాళ్లు మండువా లోగిళ్లలో పెరిగారు. కొడుక్కి పెళ్లయితే వసారాలో ఒక పక్క గోడ పెట్టి గది చేసేవారు. ఇంకా చాలకపోతే పెరట్లోకి పెంచేవారు. ఫ్లాటుకి ఆ వీలు లేదు. పెరిగినా లోపలికే పెరగాలి. కింద ఒకరి పైకప్పు, పైన ఒకరి గచ్చు ఉంటాయి.

అందుకని మేస్త్రికంటే ముందు కాకినాడ నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించాం. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి.

మనది పిల్లర్లు, దూలాలు మోసే బిల్డింగు. మధ్యలో ఉన్నవి నింపుడు గోడలు. నింపుడు గోడ తీయవచ్చు, ప్లాను చూసి, అనుమతి తీసుకుని. పిల్లర్ని, దూలాన్ని పైపు కోసం కూడా చెక్కకూడదు. అంతకంటే మనకి తట్టని విషయం, కొత్తగా పెట్టే బరువు. హాల్లో డైనింగు మూలని అమ్మాయికి గది చేద్దామని తొమ్మిది అడుగుల ఇటుక గోడ అనుకున్నాం. నాలుగున్నర అంగుళాల గోడ పైకప్పు దాకా కడితే ప్లాస్టరింగుతో కలిపి దాదాపు రెండు టన్నులు! దాని కింద దూలం లేదు. ఇనుప ఫ్రేముకి సిమెంటు బోర్డులు బిగించి పెడితే అందులో ఐదో వంతు బరువు కూడా ఉండదు. అదే చేశాం.

గచ్చు సంగతీ అంతే. ఇళ్లలో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు మోసేలా స్లాబు లెక్క వేస్తారట. పాత టైల్స్ మీదే రెండంగుళాల మాలు పోసి కొత్తవి వేస్తే, అందులో సగానికి పైగా బరువు అక్కడే అయిపోతుంది. మా హాల్లో పాత టైల్స్ అలాగే ఉంచేశాం. పగిలిన నాలుగు మాత్రం మార్చాం.

బాత్‌రూమ్ చోటు మార్చలేదు. తలుపు రెండుంపావు అడుగుల నుంచి మూడు అడుగులకి పెంచి, గడప తీసేసి, వెస్టర్న్ కమోడు, గోడకి పట్టుకునే కమ్మీలు పెట్టించాం. టైల్స్ వేసేముందు రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటువాళ్లని పిలిచి వాళ్ల పైకప్పు చూపించమన్నాం. చెమ్మ లేదన్నాకే టైల్స్ మొదలెట్టాం.

అసలు విషయం బాల్కనీలో బయటపడింది. స్లాబు అడుగున పెచ్చులూడుతుంటే మేస్త్రి సుత్తితో తట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. తీసి చూస్తే చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. 1996 తుపాను తర్వాత రెండేళ్లకి కట్టిన బిల్డింగు మనది. ఉప్పుగాలి తగిలే ఊరు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది, ఆ పగుల్లోంచి మళ్లీ నీరు దిగుతుంది. పైన పూతేసి రంగు కొట్టేస్తే రెండు మూడు వర్షాకాలాలు కనపడదు, లోపల మాత్రం తింటూనే ఉంటుంది. జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటంతా తీసి, చువ్వలు మెరిసేదాకా రుద్ది, సన్నబడిన చోట కొత్తవి కలిపి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ మాలుతో మూయించాం. మాడ్యులర్ కిచెన్ కోసం దాచిన డబ్బు దానికే పోయింది. వంటిల్లు పాత అలమరాలతోనే ఉంది. మా ఆయన ఇప్పటికీ "కనపడని పనికి లక్షలు పోశాం" అంటారు. ఆ కనపడని పని మీదే బాబు సైకిలు తొక్కుతున్నాడు కదండీ!

ఇప్పుడు సంఘానికి నా మనవి. మా బాల్కనీ, మీ బాల్కనీ ఒకే ఇసుకతో, ఒకే నెలలో పోసినవి. కింద కార్ల మధ్యనున్న పిల్లర్లు మనందరివీ. వర్షాలు రాకముందే ఇంజినీరుచేత బిల్డింగంతా ఒకసారి తట్టించి చూపిద్దాం. ఖర్చు పన్నెండు ఫ్లాట్లకి పంచితే భారం కాదు. మంజూరైన ప్లాను కాపీ ఒకటి సెక్రటరీగారి దగ్గర ఉంచుదాం. ఇకమీదట ఎవరు సుత్తి పట్టినా ముందు కిందివాళ్లకీ పైవాళ్లకీ చెప్పే పద్ధతి పెట్టుకుందాం. మేం పెట్టించిన గోడ, తలుపు కొలతలు కూడా ఇస్తాను.

ఇంకొకటి. మన మెట్లకి ఒక్క పక్కనే కమ్మీ ఉంది. రెండో పక్క కూడా వేయించి, మొదటి అంతస్తు మలుపులో ఒక కుర్చీ పెడితే అత్తయ్యగారు సాయంత్రం పూట కిందికి దిగుతానంటున్నారు. మూడో అంతస్తు మాస్టారుగారికీ ఉపయోగమే. ఆ కమ్మీ ఖర్చులో సగం మేం పెట్టుకుంటాం. వచ్చే ఆదివారం మీటింగులో ఈ రెండు విషయాలూ చేర్చమని సెక్రటరీగారిని కోరుతున్నాను.