కడుపునొప్పి వచ్చి పోయాడు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మూడేళ్ల కిందట కొత్తల పండక్కి హాస్టల్ నుంచి ఇంటికెళ్లాను. మాది పాడేరు వైపు, రోడ్డు దిగి నడవాల్సిన ఊరు. మా పిన్ని కొడుకు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివేవాడు. ఆ రాత్రి ఇద్దరం కింద చాపేసుకుని పక్కపక్కనే పడుకున్నాం. తెల్లవారుజామున వాడు నన్ను లేపి "అన్నా, కడుపులో నొప్పిగా ఉంది" అన్నాడు. "పండగ కూర ఎక్కువ తిన్నావు, పడుకో" అన్నాను. ఆ మాట నాదే.

తెల్లారేసరికి కళ్లు తెరవలేకపోతున్నాడు. నిద్రమత్తు అనుకున్నాం. నీళ్లు పోస్తే మింగలేదు, మాట ముద్దగా వచ్చింది. అమ్మమ్మ దిష్టి తీసింది. డోలీ కట్టి రోడ్డు దాకా దించేసరికే ఊపిరి ఆగిపోయింది. కడుపునొప్పి వచ్చి పోయాడని ఊళ్లో ఇప్పటికీ చెప్తారు.

పోయినేడు డిగ్రీలో జువాలజీ సార్ కట్లపాము గురించి చెప్పారు. రాత్రిళ్లు నేలమీద నిద్రపోయేవాళ్లని కరుస్తుందట. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. తర్వాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. నేను బోర్డు వైపు చూడలేకపోయాను. పాముని మేమెవరం చూడలేదు, అదేనని ఒట్టేసి చెప్పలేను. కానీ సార్ చెప్పినవన్నీ నా పక్కనే జరిగాయి.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. పావు వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే. ఇంటింటికీ వెళ్లి, పోయేముందు ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు, అవి చదివి డాక్టర్లు కారణం తేల్చారు. అది చదివాక నేనూ ఒక నోట్‌బుక్ పట్టుకుని ఊళ్లో తిరిగాను. పదేళ్లలో 10 నుంచి 19 ఏళ్ల మధ్య పోయినవాళ్లు ఆరుగురు. ఇద్దరికి జ్వరం. ఏ జ్వరమో ఎవరికీ తెలీదు, రెండూ వానాకాలంలోనే. ఒకమ్మాయి పదిహేడేళ్లకే మొదటి కాన్పులో. ఒకడు సంత నుంచి బైక్ మీద వస్తూ. ఒకరి గురించి అడిగితే ఇంటివాళ్లు లేచి లోపలికెళ్లిపోయారు, మళ్లీ అడగలేదు. (మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ. మా హాస్టల్ గోడ మీద రాసిపెట్టాను.) ఆరోవాడు మావాడు.

పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. గాటు లేదని ఆగకండి. దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకుంటే పాము లోపలికి రాదు. మలేరియా కోసం మాకూ ఇచ్చారు. మేం దాన్ని ధాన్యం మీద కప్పాం.

పిన్నికి ఇదంతా ఇంకా చెప్పలేదు. తిండి తేడా చేసిందని, తనే సరిగ్గా చూసుకోలేదని ఇప్పటికీ ఏడుస్తుంది. వచ్చే పండక్కి వెళ్తున్నాను. చెప్తే బరువు తగ్గుతుందా, పెరుగుతుందా? మీ ఇళ్లల్లో ఇలా జరిగినవాళ్లు ఉంటే రాయండి.